వరహాలమ్మ – ఒకటి

జోషితకి హాస్టల్లో సీటు ఖాయమైందని తెలిసిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. యూనివర్సిటీవాళ్లు పంపిన కాగితంలో నిజానికి పెద్దగా ఏమీ లేదు. పరుపు, దిండు, రెండు దుప్పట్లు, బకెట్టు, మగ్గు, తాళంకప్ప తెచ్చుకోమన్నారు. అయితే ఆ కాగితం వరహాలమ్మ చేతిలో పడింది.

వరహాలమ్మ జోషితకి మేనత్త. అదే వీధి చివర్లో ఉంటుంది. పాలకొల్లులో వాళ్ల చుట్టాల్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా మూటలు కట్టడానికి కబురు ఆవిడకే వస్తుంది. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, "పరుపన్నారంటే పరుపొక్కటే తెమ్మని కాదే. పరుపు మీద పడుకునే పిల్లకి ఏం కావాలో అదంతా తెమ్మని" అని తేల్చింది. దాంతో దోమతెర వచ్చింది. దోమతెర కట్టడానికి నవారు తాడు, తాడు కట్టడానికి మేకులు, మేకులు కొట్టడానికి సుత్తి వచ్చాయి. ఆకలేస్తే జంతికలు, జంతికలు పడకపోతే వాము, మెస్సులో కూర బాగోకపోతే గోంగూర పచ్చడి, బాగున్నా సరే కందిపొడి. జోషిత నెత్తి పట్టుకుని, "అత్తా, నేను చదువుకోడానికి వెళ్తున్నా, కాపరానికి కాదు" అంది.

"కాపరానికైతే ఇంత అక్కర్లేదే. అక్కడ అత్తగారింట్లో సుత్తి ఉంటుంది" అంది వరహాలమ్మ.

తీరా బయల్దేరే రోజే జోషిత తండ్రికి రొయ్యల చెరువు పట్టుబడి పడింది, రొయ్యలు పట్టి లారీకెత్తాలి. లారీ గట్టు మీదకొచ్చాక ఇంటాయన కదలడానికి వీల్లేదు. పట్టుబడివాళ్లకి వండి పెట్టాలి గనక ఇల్లాలు అసలే కదలకూడదు. అందుకని పిల్లని దింపడానికి వరహాలమ్మ బయల్దేరింది. ఆవిడ భర్త సత్తిరాజు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. "సాయంత్రానికల్లా వచ్చేస్తాను. పప్పు గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి" అని ఆయనకి చెప్పి కారెక్కింది.

ఆ యూనివర్సిటీ హైవే పక్కన అద్దాల మేడల్లో ఉంటుంది. అక్కడ ఆ ఏడే 'సామాను సంరక్షణ విధానం' అమల్లోకి వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఒకమ్మాయి ఆకుపచ్చ బకెట్టు పోయింది. ఆ అమ్మాయి తండ్రి కొంచెం పలుకుబడి ఉన్నవాడు. వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం నాలుగు ఊళ్లు తిరిగి, ఇతర విద్యాసంస్థల్లో బకెట్ల స్థితిగతులు పరిశీలించి, లావుపాటి నివేదిక ఇచ్చింది. ఈలోగా బకెట్టు పక్క బాత్రూములో దొరికింది. కానీ నివేదిక అప్పటికే అచ్చయిపోయింది. అచ్చయిన నివేదికని అమలు చెయ్యకపోతే డబ్బు దండగ కదా అని అమలు చేశారు.

గేటు దగ్గర సామాను నమోదు అధికారి త్రివిక్రమరావు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, మెడలో మూడు గుర్తింపు కార్డులు. ఒక్కో వస్తువునీ చూసి, యంత్రంలోంచి వచ్చే చీటీ చించి దానికి అంటిస్తున్నాడు. బకెట్టు – ఒకటి. మగ్గు – ఒకటి. సుత్తి దగ్గర కాస్త ఆగి, జోషిత మొహంలోకి చూసి, సుత్తి – ఒకటి అన్నాడు. అన్నీ అయ్యాక పరుపు నెత్తిన పెట్టుకుని నిలబడ్డ వరహాలమ్మ కేసి చూశాడు.

"ఈమె ఎవరు?"

"మా అత్తండి" అంది జోషిత.

"సందర్శకులు అన్నచోట తల్లి, తండ్రి అని రెండే గళ్లు ఉన్నవి. అత్తకు గడి లేదు. గడి లేని వ్యక్తి లోనికి పోరాదు."

"అయితే ఈ పరుపు నువ్వు మోస్తావా నాయనా?" అంది వరహాలమ్మ.

త్రివిక్రమరావు పరుపుని చూశాడు, తన నడుముని తలుచుకున్నాడు. నిబంధనల పుస్తకం తెరిచి పైకి చదివాడు. "విద్యార్థినితోపాటు ద్వారము దాటి లోనికి వచ్చునదియు, విద్యార్థినికి చెందినదియు, విద్యార్థినికి ఉపయోగపడునదియు అగు సమస్తమును సామాను అనబడును." తలెత్తి జోషితని అడిగాడు. "ఈమె నీతోపాటు వస్తున్నదా?"

"అవునండి."

"నీకు చెందినదేనా?"

"మా సొంత మేనత్తండి. నాకు కాక ఎవరికి చెందుతుంది?"

"నీకు ఉపయోగపడుతున్నదా?"

జోషిత పరుపు కింద చెమటలు కక్కుతున్న మొహాన్ని చూసింది. "అత్త లేకపోతే నాకు ఒక్క పనీ జరగదండి" అంది మనస్ఫూర్తిగా.

మూడింటికీ అవుననే జవాబు వచ్చేసరికి కంప్యూటరు ఆనందంగా కూత పెట్టింది. త్రివిక్రమరావు చీటీ చించి ఆవిడ భుజం మీద, జాకెట్టు కుట్టు పక్కన, ఒద్దికగా అంటించాడు. 'వరహాలమ్మ – ఒకటి.' పెళ్లిలో పన్నీరు చల్లినట్టు ఇక్కడిదో మర్యాద కాబోలు అనుకుని ఆవిడ చిరునవ్వు నవ్వి లోపలికి నడిచింది.

గది సర్ది, మేకులు కొట్టి, దోమతెర కట్టి, పిల్ల తల నిమిరి వరహాలమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ తగ్గింది. ఆవిడ గడప దాటబోయిందో లేదో ఆవరణ అంతా గంటలు మోగాయి. త్రివిక్రమరావు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"సామాను ఒంటరిగా బయటకు పోరాదు."

"ఏ సామాను?"

ఆయన వేలితో ఆవిడ భుజం చూపించాడు. వరహాలమ్మ మెడ తిప్పి చీటీని చదువుకుంది. ఆ చీటీని పీకి ఆయన చేతిలో పెట్టింది. ఆయన యంత్రంలోంచి ఇంకోటి తీసి మళ్లీ అంటించాడు. గంటల శబ్దానికి జోషిత పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నమోదైన సామాను విద్యా సంవత్సరాంతమున మాత్రమే విడుదల చేయబడును" అన్నాడు త్రివిక్రమరావు. "ఈలోగా పోయినచో లోటుగా పరిగణించి విద్యార్థిని ప్రవేశమును రద్దు చేయుదురు. నేను చేయను. కంప్యూటరే చేయును."

వరహాలమ్మ నోటిదాకా వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. కానీ జోషిత మొహం పాలిపోయింది. ఆ అగ్రికల్చర్ సీటు కోసం పిల్ల పండగలకీ పబ్బాలకీ పుస్తకం వదలకుండా కూర్చోవడం ఆవిడ కళ్లారా చూసింది. చీటీ ఊడిపోకుండా ఒకసారి అదుముకుని వెనక్కి తిరిగింది.

"పదవే. నాలుగు రోజుల్లో వాళ్లకే బుద్ధొస్తుంది."

మర్నాడు ఇద్దరూ హాస్టళ్ల డీన్ డాక్టర్ కోదండపాణి గారి గదికి వెళ్లారు. ఆయన నిండైన విగ్రహం. కళ్లు మూసుకుని మాట్లాడతారు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు తెరుస్తారు. విషయమంతా విని కళ్లు మూసుకున్నారు.

"పొరపాటు జరిగిందనడం పొరపాటు. జరిగింది నమోదు. ఈ వ్యవస్థలో నమోదుకి మించిన సత్యం లేదు. మీరు మనిషి అన్న విషయం వ్యక్తిగతంగా నేను కాదనను. అయితే ఇవాళ మిమ్మల్ని వదిలితే రేపు బకెట్లు కూడా దరఖాస్తు పెట్టుకుంటాయి."

"బకెట్టుకి సంతకం రాదు కదండీ" అంది వరహాలమ్మ.

"అది వాటి పరిమితి. మన విధానం పరిమితి కాదు."

"పోనీ, తిండి సంగతేంటండీ? నిన్న జంతికలతో సరిపెట్టుకున్నాను."

ఇది డీన్ గారిని ఇరకాటంలో పెట్టింది. సామానుకి భోజనం పెట్టే పద్దు ఎక్కడా లేదు. ఆయన త్రివిక్రమరావుని పిలిపించారు. ఇద్దరూ కలిసి పుస్తకమంతా గాలించి, చివరి పేజీల్లో 'నిత్యపోషణ అవసరమగు సామాను' అన్న శీర్షిక పట్టుకున్నారు. అందులో పూలకుండీలు, అక్వేరియం చేపలు ఉన్నాయి. చేపలకైతే గాజుతొట్టి కావాలి, ఖర్చు. అంచేత వరహాలమ్మని పూలకుండీల కింద చేర్చి అప్పటికప్పుడు ఉత్తర్వు ఇచ్చారు. రెండు పూటలా నీరు. ఉదయం లేత ఎండలో వరండాలో ఉంచవలెను. క్రమం తప్పక ఎరువు.

"ఎరువంటే ఏం పెట్టమంటారు సార్?" అని మెస్సు కాంట్రాక్టరు భద్రం ఫోన్లో అడిగాడు.

"అక్కడ ఏది మిగిలితే అది" అన్నారు డీన్ గారు.

అలా వరహాలమ్మకి మెస్సు భోజనం మంజూరైంది. మొదటి రోజు సాంబారు రుచి చూసి, ఉత్తర్వులో రాసిన మాట సరిగ్గానే ఉందని ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్నే తోటమాలి నీళ్ల పైపు పట్టుకుని వరండాలోకి వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు.

"అమ్మా, మీకు నీళ్లు పొయ్యాలంటండి. తాగుతారా, మొదట్లో పొయ్యమంటారా?"

"ఆ బకెట్లో పొయ్యి నాయనా. వేడి చేసుకుని స్నానం చేస్తాను."

మొదటి వారం ఆవిడ పళ్లు నూరుకుంటూనే గడిపింది. రెండో వారంలో పళ్లు నూరడం మర్చిపోయింది. పొద్దున్న వరండాలో ఎండకి కూర్చుంటే ముందు జోషిత వచ్చి తల దువ్వించుకునేది. తర్వాత పక్క గది పిల్ల వచ్చింది. ఆ తర్వాత మేడ మీదివాళ్లూ కిందివాళ్లూ నూనె సీసాలు పట్టుకుని వరస కట్టారు. ఇంటి మీద బెంగతో ఏడ్చేవాళ్లు ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేవారు. "ఏడవండమ్మా, కానీ మొహం కడుక్కుని వచ్చి ఏడవండి, కళ్లు మండుతాయి" అనేది. సాయంత్రం పిల్లలు షటిల్ ఆడుతుంటే ఎవరి పక్షమో తేల్చుకోకుండా రెండు వైపులకీ చప్పట్లు కొట్టేది. పెళ్లయ్యాక ఇన్నేళ్లలో ఇంకొకరు వండింది కూర్చుని తినడం, మధ్యాహ్నం ఎవరూ లేపకుండా కునుకు తియ్యడం ఆవిడకి ఇదే మొదలు. ఇది బాగుందని ఒకరోజు తనలో తనే అనుకుని ఉలిక్కిపడింది.

బాగోలేనిది సత్తిరాజు పరిస్థితి. రోజూ ఫోను చేసేవాడు.

"వరాలూ, కాఫీ పొడి ఎక్కడుంది?"

"కాఫీ పొడి అని రాసున్న డబ్బాలో చూశారా?"

"చూశాను. అందులో మెంతులున్నాయి."

"మరి మెంతుల డబ్బాలో చూడండి."

కొన్నాళ్లకి ఆయన భరించలేక, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి గేటు దగ్గర దిగాడు. సామానుని చూడ్డానికి సందర్శకులు ఉండరని త్రివిక్రమరావు చెప్పాడు. అయితే దారి లేకపోలేదు, పక్కనే 'పొరపాటున తరలివచ్చిన వస్తువుల విభాగం' ఉంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోమన్నాడు. సత్తిరాజు ఆ కిటికీ దగ్గరికి వెళ్లాడు. త్రివిక్రమరావు కుర్చీ మారి ఆ కిటికీ వెనక కూర్చుని, అంతవరకూ ఆయన్ని చూడనట్టే అడిగాడు.

"వస్తువు పేరు?"

"వరహాలమ్మండి. మా ఆవిడ."

"రంగు?"

"చామనచాయ."

"ఎప్పుడు కొన్నారు?"

"కొనలేదండి, చేసుకున్నాను."

"రసీదు ఉన్నదా?"

సత్తిరాజు సంచిలోంచి పెళ్లి ఫొటో తీసి ఇచ్చాడు. ఈలోగా వరహాలమ్మని పిలిపించి కటకటాల అవతల నిలబెట్టారు. త్రివిక్రమరావు ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"ఫొటోలోని వస్తువు సన్నముగా ఉన్నది."

"అప్పుడు సన్నగానే ఉండేదండి."

"అప్పుడు మీరూ సన్నగానే ఉన్నారు" అంది వరహాలమ్మ అటునుంచి.

"సరే. ఈ వస్తువు నాదేనని ఇచ్చట సంతకం చేయండి" అన్నాడు త్రివిక్రమరావు. సత్తిరాజు కలం అందుకున్నాడు.

"ఆగండి!" అంది వరహాలమ్మ. "పిల్ల వస్తువునని ఒకసారి రాశారు, సరే, దాని చదువు కోసం ఊరుకున్నాను. ఇప్పుడు మీ వస్తువునని రాయించుకుని రావాలా?"

"మరి నిన్ను ఇంటికి తీసుకెళ్లాలా వద్దా వరాలూ?" అన్నాడు సత్తిరాజు.

"తీసుకెళ్లడానికి నేనేమన్నా గోనెసంచీనా? తలుపు తియ్యమనండి, నా కాళ్లతో నేనే వస్తాను."

వస్తువు అభ్యంతరం తెలిపినందున దరఖాస్తు తిరస్కరించడమైనది అని త్రివిక్రమరావు రాసుకున్నాడు. సత్తిరాజు ఫొటో సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తుంటే వరహాలమ్మ కటకటాలు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయింది. అన్నమాటలో తప్పేమీ లేదు. అయినా ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

దసరా సెలవుల ముందు వార్షిక తనిఖీ జరిగింది. ఇద్దరు నిపుణులు గది గదికీ వచ్చి ప్రతి వస్తువుకీ తరుగుదల లెక్కగట్టారు. బకెట్టు పిడి వదులైందని రాశారు. వరహాలమ్మని నడిపించి, కూర్చోబెట్టి, మళ్లీ లేపి, ఒకరు చెబుతుంటే ఒకరు రాశారు. "కీళ్ల యందు శబ్దము. పైభాగము నెరిసినది. ఒక దంతము లేదు. మరమ్మతు వ్యయము విలువను మించును. నిరుపయోగ వస్తువుగా ప్రకటించి వేలము వేయవలెను."

ఆడపిల్లలు భగ్గుమన్నారు. "మా అత్త నిరుపయోగమా!" అని వరండాలో బైఠాయించారు. వరహాలమ్మ మాత్రం డీన్ గారి గదికి పరుగెత్తినంత పని చేసింది.

"వేలంలో పోతే పిల్ల సీటుకి ఏమీ కాదు కదండీ?"

"ఏమీ కాదు" అన్నారు డీన్ గారు కళ్లు మూసుకుని. "నిరుపయోగ వస్తువు లోటు కిందకు రాదు. కొన్నవారు సర్వహక్కులతో తరలించుకుపోవచ్చు."

"కొన్నవారా? ఎవరైనా కొనొచ్చా?"

"డిపాజిట్టు కట్టిన ఎవరైనా. మా సంస్థలో పక్షపాతం లేదు."

బయటికి వస్తూ వరహాలమ్మ నవ్వుతూనే ఉంది. జోషిత మాత్రం నవ్వలేదు. "ఎవడో కొనేసుకుంటే ఎలా అత్తా?" అంది. "ఈ మోకాళ్లని ఎవడు కొంటాడే" అంది ఆవిడ. కానీ వేలం దగ్గరపడ్డ కొద్దీ ఆవిడ మాటలు తగ్గిపోయాయి. ఒక మధ్యాహ్నం జోషితని పక్కన కూర్చోబెట్టుకుని, పాలకేంద్రానికి గేదె పాలు పోసి బ్యాంకులో దాచుకున్న డబ్బు ఫోనులోంచి కట్టడం ఎలాగో అడిగి తెలుసుకుంది.

వేలం మెస్సు వెనక పెరట్లో పెట్టారు. ఏడో నంబరు గుట్టలో విరిగిన కుర్చీలు, రెక్కల్లేని ఫ్యాన్లు, తుప్పు పట్టిన మంచం, ఆ మంచం మీద పట్టుచీర కట్టుకుని వరహాలమ్మ ఉన్నారు. హాస్టలంతా కిటికీల్లోనే ఉంది. ఇనపసామాను వ్యాపారి మస్తాన్ గుట్ట చుట్టూ తిరిగి వచ్చి, "కిలో లెక్కా సార్, గుత్తగానా?" అని అడిగాడు.

"ఏడో నంబరులో ఈవిడది విడిగా, గుత్తగా" అన్నారు డీన్ గారు.

మస్తాన్ వరహాలమ్మని చూసి నాలుక కరుచుకుని, చేతులు జోడించి పక్కకి తప్పుకున్నాడు. మెస్సు కాంట్రాక్టరు భద్రం ముందుకొచ్చాడు. ఆవిడ మాట విని సాంబారులో చింతపండు మార్చినప్పటి నుంచి పిల్లలు రెండోసారి వడ్డించుకుంటున్నారు. "వెయ్యి" అన్నాడు భద్రం.

"రెండు వేలు" అన్న కేక గుంపు వెనక నుంచి వచ్చింది. సత్తిరాజు. ఇస్త్రీ చొక్కా, చెమటలు.

"మూడు వేలు" అంది వరహాలమ్మ.

డీన్ గారు కళ్లు తెరిచారు. త్రివిక్రమరావు పుస్తకం తిరగేశాడు, అటు నుంచి ఇటు తిరగేశాడు.

"సామాను తన్ను తాను కొనరాదని ఎచ్చటా లేదు సార్."

"డిపాజిట్టు?"

"పొద్దున్నే కట్టినది సార్."

"అయితే పాట సాగవచ్చు" అన్నారు డీన్ గారు.

భద్రం నాలుగు వేల దగ్గర ఆగిపోయాడు. ఇంక మొగుడూ పెళ్లామే మిగిలారు.

"ఐదు" అన్నాడు సత్తిరాజు.

"ఆరు. మీరు ఊరుకోండి" అంది వరహాలమ్మ.

"నువ్వు ఊరుకో, విడిపించేది నేను. ఏడు!"

"నన్ను నేను కొనుక్కుంటుంటే మీకు పోటీ ఏంటండీ? ఎనిమిది!"

"తొమ్మిది!"

"పది!" వరహాలమ్మ మంచం దిగి నిలబడింది. కళ్లు మెరుస్తున్నాయి. కిటికీల్లోంచి పిల్లలు గిన్నెల మీద చెంచాలతో వాయిస్తున్నారు. సత్తిరాజు నోరు తెరిచి ఆవిడ కేసి చూశాడు. చూస్తూ చూస్తూ మూశాడు.

మూడుసార్లు పిలిచి డీన్ గారు సుత్తితో బల్ల మీద కొట్టారు. తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చి హుందాగా చెప్పారు. "అభినందనలు. మంచి వస్తువును కొన్నారు. సాయంత్రంలోగా తరలించవలెను. లేనిచో అద్దె పడును."

"తరలిస్తానండి. బరువు లేదు, నేనే మోసుకుపోతాను" అంది వరహాలమ్మ.

గేటు దగ్గర జోషిత ఆవిడని కావిలించుకుని వదల్లేదు. "నువ్వు లేకపోతే నా తల ఎవరు దువ్వుతారు?"

"నీ చేతులకేమొచ్చింది? అవతల గది పిల్లకి నువ్వు దువ్వు, నీకది దువ్వుతుంది" అని ఆవిడ కళ్లు తుడిచింది, ముందు పిల్లవి, తర్వాత తనవి. ఈసారి గంటలు మోగలేదు. త్రివిక్రమరావు ఆవిడ భుజం మీది చీటీ జాగ్రత్తగా తీసి, ఏమనాలో పుస్తకంలో లేక, "వెళ్లి రండమ్మా" అన్నాడు.

హైవే మీద బస్టాపులో మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చున్నారు. సత్తిరాజు జేబు ఎత్తుగా ఉండటం వరహాలమ్మ అప్పుడు చూసింది. చెయ్యి పెట్టి తీస్తే నోట్ల కట్ట, పది వేలకి చాలా పైన.

"ఎక్కడివి ఇవి?"

"బండి అమ్మేశాను."

"ఇంత పెట్టుకుని పది దగ్గర ఆపేశారేం?"

ఆయన రోడ్డు కేసి చూశాడు. "పది అన్నప్పుడు నీ మొహం చూశాను. పెళ్లిపీటల మీద కూడా అంత వెలుగు చూళ్లేదు. ఇంక పైన పాడబుద్ధి కాలేదు వరాలూ" అన్నాడు.

వరహాలమ్మ నోట్ల కట్ట ఆయన జేబులోనే పెట్టి గుండీ పెట్టింది. బస్సొచ్చింది. ఆవిడే ముందెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుని, పక్కన చోటు చేత్తో తట్టింది.

"రండి, కూర్చోండి. ఇంటికి నేను తీసుకెళ్తాను."